తెలీదు మేస్త్రి, ఐదో గొట్టం

ముప్పై ఎనిమిదేళ్లుగా గొట్టాలతోనే కాపురం చేస్తున్న ఆ మనిషి, ఏ గొట్టం చూపించినా ముందుగా అనే మాట ఒకటే: "ఇదేంటో నాకు తెలీదు." అందుకే మా పేటలో అందరూ ఆయన్ని తెలీదు మేస్త్రి అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఇంకొకటి ఉండే ఉంటుంది. అడిగితే ఏమంటాడో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగలేదు.

ఆ మాట అనడానికి కూడా ఆయనకొక పద్ధతి ఉంది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, పెద్దాఫీసరు పిలిపించిన గుమస్తాలాగా గొట్టం ముందు కొంచెం వంగి నిలబడతాడు. మెడ ఒకసారి కుడికి వాలుస్తాడు, ఒకసారి ఎడమకి వాలుస్తాడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, మళ్లీ ముక్కు మీదికి దించుతాడు. ఇంతసేపూ ఇంటివాళ్లు ఊపిరి బిగబట్టుకుని ఉంటారు. అప్పుడు, ఏదో గొప్ప సంగతి కనిపెట్టినంత తృప్తిగా, "తెలీదండీ" అంటాడు.

ఈ జబ్బు గొట్టాల దగ్గరే ఆగిందా అంటే లేదు. టీ ఇచ్చి పంచదార సరిపోయిందా అని అడిగితే "తెలీదమ్మా, ఇంకో గుక్క చూస్తాను" అంటాడు. అలా గుక్క గుక్కా చూసి, ఖాళీ గ్లాసు కింద పెట్టి, "సరిపోయినట్టే ఉంది" అంటాడు. పంటి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఏ పన్ను నొప్పి అని అడిగాడట. "తెలీదండీ, వరసగా కొట్టుకుంటూ రండి" అన్నాడట. ఇరవై ఆరో పన్ను దగ్గర కుర్చీ లోంచి ఎగిరాడట. "అదే అయ్యుంటుందండీ" అన్నాడట కింద పడ్డాక.

ఆయన భార్య బట్టలు కుట్టే మనిషి, నోరున్న మనిషి. ఆవిడ చెప్పేది: "పెళ్లికి ముందు నేను నచ్చానా అని సూటిగా అడిగాను బాబూ. తెలీదు, రేపొచ్చి చెప్తానన్నాడు. రేపొచ్చాడు. ఎల్లుండొచ్చాడు. నలభై రోజులు వరసగా వచ్చాడు. నలభై ఒకటో రోజు రాకపోతే నేనే వెళ్లి పిలుచుకొచ్చాను. జ్వరమొచ్చి పడుకున్నాడంట."

ఇవన్నీ నాకెలా తెలుసంటే, నేను పైపుల దుకాణంలో పనిచేసేవాణ్ని. చదువు సగంలో ఆగిపోయింది. కౌంటరు మీద గొట్టాన్ని వంపు తిప్పే బెండులూ, మూడు దారులు కలిపే టీలూ అమ్ముతూ, కౌంటరు కింద పుస్తకం తెరిచి పెట్టుకుని చదువుతూ, లోకానికి నా విలువ తెలియడం లేదని రోజుకు పదిసార్లు అనుకుంటూ ఉండేవాణ్ని. లోకం మీద అంత కోపం ఉన్నవాడికి మేస్త్రులు మంచి కాలక్షేపం. పేటలో అందరూ నా కౌంటరు దగ్గరికే వచ్చేవారు.

తెలీదు మేస్త్రికి సరిగ్గా ఎదురు మనిషి చిటికె మేస్త్రి. ఏ పని చెప్పినా చిటికెలో అనేవాడు. ఇంటి గుమ్మం దాటకుండానే లోపల ఏ గొట్టం ఏదో చెప్పేసేవాడు. ఆయన గొట్టాలు కలిపిన ఒక ఇంట్లో మేడ మీద బట్టలుతికితే కింద వంటింటి సింకులోకి నురగ పొంగేది. ఇంటావిడ నిలదీస్తే, "సబ్బు మంచిదమ్మా, అదే వాడండి" అన్నాడు.

నాకు అంతు పట్టనిది ఇంకొకటి ఉంది. మా పేటలో గొట్టాల గురించి తెలిసినవాళ్లు ఇంతమంది ఎలా పుట్టారా అని. రిటైరైన హెడ్మాస్టరు దుకాణానికి వచ్చి, "ఆ మేస్త్రికి ఏమీ తెలీదోయ్, మా ఇంట్లో లీకు ఎక్కడుందో నేనే పట్టుకున్నాను" అనేవాడు. రొట్టెల బట్టీ ఆయన, "గోడ వెనకాల గొట్టం వంకర తిరిగిందని నేను చెప్తే గానీ ఆయనకి వెలగలేదు" అనేవాడు. పళ్ల దుకాణం ఆవిడది కూడా ఇదే కథ.

"మరి మళ్లీ ఆయన్నే ఎందుకు పిలుస్తారండీ?" అని హెడ్మాస్టర్ని ఒకసారి అడిగాను.

"చెయ్యి మంచిదయ్యా. బుర్రే లేదు. బుర్ర మనం పెట్టుకుంటే సరి."

ఇలాంటి మనిషిని మా బావ పిలిపించాడు. కథ అక్కడ మొదలైంది.

నేను ఉండేది మా అక్క ఇంట్లో. ఆ ఇల్లు గుట్ట వాలు మీద కట్టింది. ముందు వీధిలో నుంచి వస్తే పదకొండు మెట్లెక్కాలి. వెనక సందులో నుంచి వస్తే మెట్టన్నది లేకుండా నేరుగా సెల్లారులోకి రావచ్చు. సెల్లారు నుంచి పైకి పోవాలన్నా చుట్టూ తిరిగొచ్చి ఆ పదకొండు మెట్లే ఎక్కాలి. ఆ సెల్లారులో పాత మంచమూ, విరిగిన కుర్చీలూ, నా పుస్తకాల పెట్టెలూ ఉండేవి. ఇల్లు కట్టిన కాంట్రాక్టరు ఎప్పటికైనా అక్కడ బాత్రూం కట్టుకుంటారని నేల లోపల గొట్టాలు వేసి, మూతులకి మూతలు బిగించి వదిలేశాడు. ఏ గొట్టం ఎక్కడికి పోతుందో కాగితం మీద గీసివ్వలేదు. తరవాత మనిషే కనపడలేదు.

అక్క అత్తగారు ఆస్పత్రిలో ఉంది. జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. ఇంకో పన్నెండు రోజుల్లో పంపిస్తామన్నారు. మెట్లు మాత్రం ఎక్కకూడదు. సెల్లారులో మంచం వేస్తే ఎండ వస్తుంది, గాలి వస్తుంది, లేనిదల్లా బాత్రూమే. మంచం మీదే కానిచ్చుకునే ఏర్పాటు చేస్తామని నర్సు అంటే, ఆవిడ ఒక్కటే మాట చెప్పింది: "తిండి ఎవరు పెట్టినా తింటాను. ఆ పని మాత్రం తలుపేసుకుని నాకు నేనుగా చేసుకోవాలి. అది లేని ఇంటికి నేను రాను. ఇక్కడే ఉంచెయ్యండి."

మా బావ అప్పటికప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకుని, "నేను కట్టిస్తానమ్మా. దగ్గరుండి, గొట్టం గొట్టం నేనే చూసుకుని కట్టిస్తాను" అన్నాడు.

ఇక్కడ మా బావ గురించి చెప్పాలి. ఆయన బీమా ఆఫీసులో పనిచేస్తాడు. ఆయనకు తెలియని విషయం లేదు. గోడకు మేకు కొడితే గోడ ఊడుతుంది గానీ, మేకు ఎందుకు కొట్టాలో, ఏ కోణంలో కొట్టాలో గంటసేపు చెప్పగలడు. నన్ను మాత్రం, "పుస్తకాలు తిని బతికే పురుగులుంటాయి, మా ఇంట్లో ఒకటుంది" అని వచ్చినవాళ్లకి పరిచయం చేసేవాడు. అందుచేత ఆయన ఎప్పుడు బోర్లా పడతాడా అని నేను ఎదురుచూస్తూ ఉండేవాణ్ని. ఇది దాచుకోవలసిన సంగతే గానీ, దాస్తే ఈ కథ నడవదు.

మేస్త్రి వచ్చేసరికి బావ సెల్లారు అంతా తుడిపించి, నాలుగు గొట్టాలకీ నాలుగు రంగుల టేపులు చుట్టి, గోడకు ఒక చార్టు అంటించి, చేతిలో స్కేలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. దుకాణానికి సెలవు పెట్టి నేనూ ఉన్నాను. ఆ వేడుక వదులుకునే మనిషిని కాను.

"రండి మేస్త్రిగారూ. పని సులువు చేసి పెట్టాను," అంటూ బావ స్కేలు ఎత్తాడు. "ఒకటోది, ఎర్ర టేపు. లావు గొట్టం, వెనక గోడకి అడుగు దూరం. కమోడ్‌కి. రెండోది, ఆకుపచ్చ. నేలలో చిన్న గుంటలో ఉంది. స్నానం నీళ్లకి. మూడోది, నీలం. గోడ వారగా పైకి లేచి ఛాతీ ఎత్తున ఆగింది చూశారా, ఇది గాలి గొట్టం. నీళ్లు కిందికి పోవాలంటే వెనకాల గాలి ఆడాలి, లేకపోతే గుడగుడమని అడ్డం పడతాయి. నాలుగోది, పసుపు, ఈ మూలన నేలలో నుంచి లేచింది. ఇది వాష్‌బేసిన్‌కి. అయిపోయింది. కలిపెయ్యడమే."

మేస్త్రి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఒక్కో గొట్టం ముందూ వంగాడు. కళ్లజోడు పైకి నెట్టాడు. ఒకసారి నేల వైపు చూశాడు, ఒకసారి కప్పు వైపు చూశాడు. కప్పు కింద ఒక తాడు మీద మా అక్క ఉతికి ఆరేసిన దుప్పట్లు వేలాడుతున్నాయి. కళ్లజోడు దించాడు.

"తెలీదు సార్."

"నేను చెప్తున్నానుగా."

"మీరు చెప్తున్నారు సార్. గొట్టం ఏమీ చెప్పట్లేదు."

"గొట్టం ఎందుకు చెప్తుందయ్యా?"

"చెప్తుంది సార్. కొంచెం బిడియం ఎక్కువ. రేపొస్తాను." కొలిచే టేపు తీసి ఏవో కొలతలు తీసుకుని వెళ్లిపోయాడు.

బావ అక్క వైపు తిరిగి, "పాపం, బుర్ర లేదు. బుర్ర నేను పెట్టుకోవాలి" అన్నాడు. హెడ్మాస్టరు అన్న మాటే. పేట మొత్తానికి ఎవరో పాఠం చెప్పినట్టుంది.

మర్నాడు నీళ్ల పరీక్ష. వెనక సందులో మురుగు చాంబరు మూత మేస్త్రి ఒక్కడే లేపాడు. బావకి పక్కన పీట వేశాడు. "మీరు కూర్చుని చూడాలి సార్. నాకు చూపు ఆనదు." నన్నేమో లోపల బకెట్టుతో నిలబెట్టాడు. గొట్టాల మూతలు విప్పి, నీళ్లలో నీలం రంగు కలిపాడు. ఒకటో గొట్టంలో పోశాను.

"వచ్చాయి," అన్నాడు బావ బయట నుంచి.

రెండోదాంట్లో పోశాను. అవీ వచ్చాయి.

"మూడోది పోయి బాబూ," అన్నాడు మేస్త్రి.

"అది గాలి గొట్టమయ్యా. గాలి గొట్టంలో నీళ్లేమిటి?" అన్నాడు బావ.

"నిజమే సార్. రావని రూఢి చేసుకుంటే మనసు కుదుటపడుతుంది."

పోశాను. తరవాత బావ గొంతు వినిపించింది. "ఇవి ఇందాకటి నీళ్లే అయ్యుంటాయి. ఆలస్యంగా వస్తున్నాయి."

"అయ్యుంటాయి సార్. నాకు తెలీదు. ఇంకోసారి పోయించమంటారా?"

మళ్లీ పోశాను. మళ్లీ వచ్చాయి. నేను సందులోకి ఒక్క పరుగున వచ్చాను. వాష్‌బేసిన్ గొట్టం అదేనని నాకు తెలిసిపోయింది. దుకాణంలో ఆరేళ్లు నిలబడ్డవాణ్ని, ఆమాత్రం తెలియదా. "బావా, అంటే నువ్వు చెప్పిన మూడోది..." అని నోరు తెరిచాను.

"బాబూ," అన్నాడు మేస్త్రి, "బకెట్టు ఖాళీ అయినట్టుంది. పైకెళ్లి ఇంకోటి పట్టుకురా."

పట్టుకొచ్చాను. నాలుగోదాంట్లో పోశాను. చాంబరులోకి చుక్క రాలేదు. మేస్త్రి ఇంకోటి అన్నాడు. పోశాను. రాలేదు. ఆరు బకెట్లు పోశాను. గొట్టం గుటకలు వేస్తోంది గానీ చాంబరు పొడిగా ఉంది.

"ఎక్కడికి పోతున్నాయంటారు సార్?"

"ఎక్కడికో ఒక చోటికి పోయే ఉంటాయి."

"ఎక్కడికై ఉంటుంది సార్? నాకైతే తెలీదు."

"ఇంటి కిందికి పోతున్నాయి, ఇంకెక్కడికి. ఇది మురుగు గొట్టమే కాదు..." అని నేను మొదలుపెట్టాను.

"బాబూ, ఇంకో బకెట్టు."

ఆ రోజు పదకొండు మెట్లూ నేనెక్కిన సార్లు లెక్కపెడితే ఒక కొండ ఎక్కినంత అయ్యేది. నేను నోరు తెరిచినప్పుడల్లా ఆయనకు బకెట్టు కావలసి వచ్చేది. బకెట్టు వద్దనుకుంటే గుడ్డ. గుడ్డ ఉంటే టార్చి. టార్చి తెస్తే, "ఇంకొంచెం వెలుతురుది ఉందేమో చూడు." ముసలాయనకు పూర్తిగా మతి పోయిందని తీర్మానించుకున్నాను.

ఇంటికి బయల్దేరే ముందు మేస్త్రి బావని నాలుగో గొట్టం వాసన చూడమన్నాడు. బావ వంగి చూశాడు.

"ఏమీ లేదే. తడి మట్టి వాసన. శుభ్రంగా ఉంది."

"శుభ్రంగా ఉండే మురుగు గొట్టాన్ని నేనింతవరకూ చూడలేదు సార్. మీరు చూసి ఉంటారు."

బావ ఇంకోసారి వంగి వాసన చూశాడు. రాత్రి భోజనం దగ్గర పప్పు ఎలా వండాలో కూడా చెప్పలేదు. మా అక్క భయపడి నుదురు తాకి చూసింది.

మూడో రోజు పొద్దున్నే మేస్త్రి వచ్చేసరికి బావ అప్పటికే సెల్లారులో ఉన్నాడు. చార్టు ముందు నిలబడి గడ్డం గోక్కుంటున్నాడు. ఆస్పత్రి నుంచి వాళ్లమ్మ ఫోన్ చేసిందని అక్క నా చెవిలో చెప్పింది. బాత్రూం ఎంతవరకు వచ్చిందని అడిగిందట. గొట్టాలు చూస్తున్నానమ్మా అన్నాడట. నాయనా, తొందరేం లేదులే, నీ వల్ల కాకపోతే ఇక్కడే ఉంటాను అందట. ఆ "నీ వల్ల కాకపోతే" ఆయనకి గట్టిగా తగిలినట్టుంది. ఫోన్ పెట్టేశాక టీ కూడా తాగలేదట.

"సార్," అన్నాడు మేస్త్రి, "మొన్న మీరొక మాట చెప్పారు. నీళ్లు కిందికి పోవాలంటే గాలి పైకి ఆడాలని. నాకు రాత్రంతా అదే ఆలోచన."

"అవును."

"మూడోది గాలి గొట్టమే అనుకుందాం సార్. ఛాతీ దాకా వచ్చి ఆగింది. ఇక్కణ్ణుంచి గాలి ఎటు పోతుంది?"

"పైకి."

"పైకి ఎటు సార్?"

బావ తలెత్తాడు. మేస్త్రి అక్క వైపు తిరిగాడు. "అమ్మా, ఆ దుప్పట్లు కొంచెం తీస్తారా? సార్‌కి వెలుతురు చాలట్లేదు."

అక్క ఒక్కో దుప్పటీ లాగింది. తాడు బయటపడింది. బావ కళ్లు తాడు వెంట నడిచాయి. ఒక కొస కిటికీ ఊచకి కట్టి ఉంది. రెండో కొస కప్పు కింద చీకటి మూలన, పై నుంచి జానెడు కిందికి దిగిన ఒక గొట్టానికి కట్టి ఉంది. దానికీ ఒక మూత ఉంది. ఆ ముడి వేసింది మా బావే. నాలుగేళ్ల కిందట ఈ ఇంటికి వచ్చిన రోజే వేశాడు. గట్టి ముడి ఎలా వెయ్యాలో మా అందరికీ చెప్పి మరీ వేశాడు.

"ఇది..." అన్నాడు బావ. "ఇది గొట్టం కదా."

"అవునా సార్? ఎక్కడ?" మేస్త్రి కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, దించి, తాడుకి ఇవతల వైపు అంతా వెతికాడు.

"అదుగో. అక్కడ. ఐదోది."

"ఐదోది కూడా ఉందా సార్?"

నేనింక ఆగలేకపోయాను. "ఆ తాడు కట్టిందెవరో..."

"బాబూ, స్టూలు."

స్టూలు తెచ్చాను. బావ ఆఫీసు చొక్కాతోనే ఎక్కాడు. ముడి విప్పడానికి పావుగంట పట్టింది. నిజంగానే గట్టి ముడి. మూత తీశాక మేస్త్రి ఒక పల్చటి ప్లాస్టిక్ సంచి అందించి, దాన్ని గొట్టం మూతికి రబ్బరు బ్యాండుతో బిగించమన్నాడు. అక్కని మేడ మీదికి పంపి ఫ్లష్ నొక్కమన్నాడు. మేం ముగ్గురం తలలెత్తుకుని నిలబడ్డాం.

పైన నీళ్లు భళ్లుమన్నాయి. సంచి ఒక్కసారి లోపలికి పీల్చుకుపోయింది. ఒక క్షణం ఆగి, మెల్లగా బయటికి ఉబ్బింది. మళ్లీ పీల్చింది, మళ్లీ ఉబ్బింది.

"ఊపిరి తీస్తోంది," అన్నాడు బావ. అంత మెల్లగా ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఎవరు సార్?"

"గొట్టమయ్యా. ఇది ఇంటి పైకప్పు దాకా పోయే గాలి గొట్టం. అసలు గాలి గొట్టం ఇది." స్టూలు మీద నుంచే మూడోదాన్ని చూశాడు. వేలితో పై నుంచి కిందికి గాల్లో ఒక గీత గీశాడు. "మేస్త్రిగారూ, ఆ మూడోది కింద చాంబరులో కలిసింది. ఇది పైన ఆకాశంలో కలిసింది. రెండూ ఒకే వరసలో ఉన్నాయి. ఈ రెంటినీ కలిపేసి, మధ్యలో ఒక టీ వేసి వాష్‌బేసిన్ పెడితే? నీళ్లు కిందికి, గాలి పైకి. ఒకే గొట్టం రెండు పనులూ చేస్తుంది."

"ఒకే గొట్టం రెండు పనులా సార్?" మేస్త్రి నోరు వెళ్లబెట్టాడు.

"మా ఆఫీసులో ఒక మనిషి ఒక పని చేస్తే గొప్ప. అందుకే నాకు తట్టలేదు. ఇక ఆ నాలుగోది మనది కానే కాదు. నేల కింద కంకరలో తేమగాలి పోవడానికి వేసిన గొట్టం అయ్యుంటుంది. అందుకే మట్టి వాసన. దానికి వాష్‌బేసిన్ కలిపి ఉంటే..."

"కలిపి ఉంటే ఏమయ్యేది సార్?"

"అమ్మ మంచం కింద చెరువు తయారయ్యేది." బావ స్టూలు దిగి, గోడ మీది చార్టు పర్రున చింపాడు. "నాకు మొదటి నుంచీ ఆ నాలుగోదాని మీద అనుమానంగానే ఉంది."

"మీరు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది సార్," అన్నాడు మేస్త్రి.

నేను బకెట్టు తీసుకుని నా అంతట నేనే మెట్లెక్కాను. అక్కడే ఉంటే ఏదో ఒకటి అనేసేవాణ్ని.

ఆ తరవాత పని చూడవలసిందే. తెలీదన్న మనిషి చేతులు ఒక్క క్షణం తడబడలేదు. రంపం ఒకసారి పెడితే మళ్లీ కొలవలేదు. మూడోదాన్నీ ఐదోదాన్నీ ఒకటి చేశాడు, మధ్యలో టీ కూర్చాడు, నాలుగోదానికి కొత్త మూత వేసి సిమెంటుతో కప్పెట్టాడు. కమోడ్ దించి దాని మీద వాలు చూసే లెవెల్ పెడితే బుడగ నడిమధ్యన నిలిచింది. చుట్టూ తిరుగుతూ బావ సలహాలిస్తూనే ఉన్నాడు. ప్రతిదానికీ "అలాగే సార్" అంటూ, తను చేసేదే చేసుకుపోయాడు. పదకొండో రోజుకి టైల్స్ కూడా ఆరాయి.

పన్నెండో రోజు వెనక సందులో అంబులెన్సు ఆగింది. అక్క అత్తగారు నాలుగు కాళ్ల వాకర్ పట్టుకుని, మెట్టన్నది లేకుండా లోపలికి వచ్చింది. మంచం వైపు కన్నెత్తలేదు. తిన్నగా బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడైంది.

మేం బయట నిలబడ్డాం. బావ గోళ్లు కొరుక్కుంటున్నాడు. చాలాసేపు ఏమీ వినపడలేదు. తరవాత ఫ్లష్. గుడగుడ లేదు, వెనక్కి పొంగలేదు, ఒక్క గుక్కలో దిగిపోయింది. వాష్‌బేసిన్ కొళాయి తిప్పిన చప్పుడు. తలుపు తెరుచుకుంది.

"బాగుందిరా," అంది ఆవిడ. "ఎవరు చూసుకున్నారు ఇదంతా?"

మేస్త్రి గుమ్మం దగ్గర సంచి సర్దుకుంటున్నాడు. "సార్ చూసుకున్నారమ్మా. ఆయన లేకపోతే నాకేం తెలుసు," అని చెప్పులేసుకుని సందులోకి వెళ్లిపోయాడు. బావ కప్పు వైపు చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు, దుమ్ము పడిందట.

వారం తరవాత దుకాణంలో నేను ఆయన మీద జోకులు వేస్తున్నాను. బకెట్ల కథ చెప్పి నవ్వించబోతే యజమాని నవ్వలేదు.

"నువ్వు సెలవులో ఉన్నావు గానీ," అన్నాడు, "మీ ఇంటి సరుకంతా ఆయన మొదటి రోజు సాయంత్రమే కట్టించుకుపోయాడు. ఒక టీ, కప్పు దాకా కావలసినంత గొట్టం, ఒక మూత. కొలిచినట్టు తీసుకెళ్లాడు. మార్చుకోవడానికి ఒక్క ముక్క వెనక్కి రాలేదు."

నా చేతిలో బెండు అలాగే ఉండిపోయింది. టీ, కప్పు దాకా గొట్టం, మూత. అంటే మొదటి రోజు, చేతులు కట్టుకుని ఒకసారి కిందికీ ఒకసారి పైకీ చూసిన ఆ చూపులోనే, దుప్పట్ల వెనకాల ఐదో గొట్టంతో సహా అంతా చూసేశాడు. అప్పుడు హెడ్మాస్టరు గుర్తొచ్చాడు. రొట్టెల బట్టీ ఆయన, పళ్ల దుకాణం ఆవిడ, వరసగా అందరూ గుర్తొచ్చారు. తమ ఇంటి గొట్టాలు తామే కనిపెట్టుకున్న మేధావులతో ఈ పేట నిండిపోవడం వెనక మర్మం ఇదన్నమాట.

సాయంత్రం నేరుగా ఆయన ఇంటికెళ్లాను. అరుగు మీద కూర్చుని పాత కొళాయి ఒకటి విప్పుతున్నాడు.

"నీకు మొదటి రోజే తెలుసు కదా, మేస్త్రీ?"

"దేని గురించి బాబూ?"

"సరుకు సంగతి మా యజమాని చెప్పాడు."

కొళాయిలో రబ్బరు వాషరు తీసి వెలుతురులో పెట్టి చూశాడు. లోపల నుంచి ఆయన భార్య కుట్టుమిషను ఆపి, "దొరికావు," అంది.

"మూడు రోజులు తిప్పావు. ఆ మూడు రోజుల్లో చిటికె నీ పనులు రెండు పట్టుకుపోయాడు. ఒక్క మాటతో అయిపోయేది కదా," అన్నాను.

"అయిపోయేది," అన్నాడు. "నేను తప్పని చెప్తే ఆయన సరేననేవాడు. పని అయ్యేది. కానీ అది నేను కట్టిన బాత్రూం అయ్యేది బాబూ. ఆయన వాళ్లమ్మకి తనే కట్టిస్తానని మాటిచ్చాడంట. ఆవిడ రోజూ వాడుకునేది. కొడుకు కట్టిందైతే ఒక రకంగా ఉంటుంది, ప్లంబరు కట్టిందైతే ఇంకో రకంగా ఉంటుంది."

"మరి నన్నెందుకు పదకొండు మెట్లు అన్నిసార్లు ఎక్కించావు?"

"నీ నోట్లో ఎప్పుడూ ఏదో మాట రెడీగా ఉంటుంది," అన్నాడు వాషరు మీద దుమ్ము ఊదుతూ. "నీక్కూడా తెలుసని నాకు అర్థమైంది. దుకాణంలో ఊరికే నిలబడలేదు నువ్వు."

ఇన్నేళ్లలో నాకు ఫలానాది తెలుసని నా మొహం మీద అన్న మొదటి మనిషి ఆయనే. అది కూడా నన్ను మెట్లెక్కించి నోరు మూయించాక. ఆయన భార్య ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

కానీ నేను అంత తొందరగా బాగుపడే రకం కాదు. దారంతా ఆ సంగతిని బావ ముందు ఎలా పెట్టాలా అని వాక్యాలు కూర్చుకుంటూనే వచ్చాను. పుస్తకాల పురుగు అన్నందుకు ఒక్కసారైనా బదులు చెప్పుకోవాలి కదా. సెల్లారులోకి వెళ్లేసరికి అక్క అత్తగారు ఒక్కతే ఉంది. మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది.

"అత్తయ్యగారూ, ఈ బాత్రూం గురించి మీకొకటి చెప్పాలి," అన్నాను.

"కూర్చో అబ్బాయ్," అంది. "చెప్పకపోయినా పర్లేదు. వాడు నా కొడుకు. పదేళ్లప్పుడు వాడు సైకిలు చైను ఎక్కిస్తే పెడలు ఊడింది. వాడి చేతుల సంగతి నాకు తెలీదా? ఆ మేస్త్రి చెప్పులేసుకుని వెళ్లిన వేగం చూసినప్పుడే నాకు అర్థమైంది."

"మరి మీరు..."

"ఆయన మంచి మనిషి. వీలు చూసుకుని ఒకసారి టీకి రమ్మని చెప్పు." దువ్వెన పక్కన పెట్టింది. "ఈ వారం రోజుల్లో నా కొడుకు నా దగ్గర కూర్చుని మాట్లాడినంత, ముప్పై ఏళ్లలో మాట్లాడలేదు. అంతా గొట్టాల గురించే అనుకో. అయితేనేం, కూర్చున్నాడుగా."

నేను దారంతా కూర్చుకున్న వాక్యాలు చాలా బాగా వచ్చాయి. ఇప్పటికీ జ్ఞాపకమున్నాయి. ఎవరికీ చెప్పలేదు.

అప్పుడే పక్కింటావిడ ఆవిడని చూడడానికి వచ్చింది. వెనకాలే బావ ఆఫీసు నుంచి వచ్చాడు. అక్క అత్తగారు నా వైపు ఒక్కసారి చూసి, కొడుకు వైపు తిరిగింది.

"నాయనా, ఒకే గొట్టంలో నీళ్లు కిందికీ గాలి పైకీ ఎలా పోతాయో మొన్న చెప్పావు చూడు. నేను మళ్లీ మర్చిపోయినట్టున్నాను. ఈవిడ కూడా వింటుంది, మొదటి నుంచీ చెప్పు."

బావ సంచి కింద పెట్టి, చొక్కా చేతులు మడిచి, గొంతు సవరించుకున్నాడు. నేను పక్కింటావిడకి కుర్చీ వేశాను. వీపు ఆనించుకునేది చూసి వేశాను. ఆ పాఠం నలభై నిమిషాల పని.